రోలమ్మ మందు

పోయిన వారం సూదిలో మందు ఎక్కించి, కొడుకు చెయ్యి పట్టుకున్న చోట ఆపాను. అక్కడ ఆపినందుకు నన్ను ఆడిపోసుకున్నవాళ్ళు ఉన్నారట. ఆడిపోసుకోండి. ఆ రోజు నా చెయ్యి కూడా అక్కడే ఆగిపోయింది, ఊరికే ఆపలేదు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకి పోతాను.

ఎనభై ఎనిమిది సెప్టెంబరు నెలాఖరు. రంగూన్‌లో సిపాయిలు రాజ్యాన్ని చేతిలోకి తీసుకుని వారం దాటింది. నా ఒక్కగానొక్క కొడుకు రాజా కాలేజీ పిల్లలతో ఊరేగింపుకి వెళ్ళి, తొడకి తుపాకి దెబ్బ తగిలించుకుని తాకేటాలో మా ఇంటికి పాక్కుంటూ వచ్చాడు. గుండు కండని చీల్చుకుని బయటికి పోయింది గానీ పుండు చీము పట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. క్రీక్ పాయ మీది వంతెన దాటి అవతల ఆసుపత్రికి తీసుకుపోదామంటే, గాయాలతో వచ్చిన కుర్రాళ్ళని మంచాల మీద నుంచే లేపుకుపోతున్నారని జనం చెప్పుకుంటున్నారు. నేను పనిచేసే క్లినిక్కుకి డాక్టరమ్మ తాళం వేసి ఎటో వెళ్ళిపోయింది. అలాంటప్పుడు పక్క వీధి దండాసి గారి అమ్మాయి హైమ, మా రాజాతోపాటు ఆ ఊరేగింపుల్లో తిరిగిన పిల్ల, కూరల బుట్ట అడుగున దాచి పెన్సిలిన్ పెట్టె తెచ్చింది. సరిహద్దు దాటి దొంగసరుకుగా వచ్చిన పెట్టె. దాని మీద రోలు ముందు కూర్చున్న ఆడమనిషి బొమ్మ ఉంది.

ఆ బొమ్మ చూశాను. చచ్చిపోయిందనుకున్న చుట్టం గుమ్మంలో నిలబడి పలకరిస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది.

అది విద్రెరా కంపెనీ గుర్తు. బార్సిలోనా కంపెనీ. మా మావయ్య మంగరాజు గారు ఒకప్పుడు బర్మా అంతటికీ వాళ్ళ ఏజెంటు. ఆ కంపెనీ పుట్టుక ఆయన చెప్తుంటే అన్నం చల్లారిపోయినా ఎవరూ లేచేవాళ్ళు కాదు. అక్కడి రేవు వెనక సందులో విద్రెరా అనే ఆయన చిన్న మందుల కొట్టు పెట్టాడట. పెళ్ళాం రోట్లో నూరేది, ఈయన పొట్లాలు కట్టేవాడు. ఆవిడ పోయాక ఆవిడ బొమ్మనే మార్కుగా పెట్టుకున్నాడు. కొడుకు ఫ్యాక్టరీ కట్టి ఒక పొగగొట్టం లేపాడు. వాళ్ళ దేశంలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్న యుద్ధంలో బాంబు పడి అది కూలిపోయింది. మనవడు మళ్ళీ లేపి, పెన్సిలిన్ తయారీకి దిగాడు. ఆ పైన మనీలాలో ఆఫీసు, బొంబాయిలో ఆఫీసు, రంగూన్ మొగల్ వీధిలో మంగరాజు అండ్ సన్. ఏటా కంపెనీ కేలండరు వచ్చేది. దాని మీద ఫ్యాక్టరీ బొమ్మ ఏడాదికేడాది పెద్దదవుతుంటే మావయ్య సొంత ఇంటికి మేడ కట్టినంత సంబరపడేవాడు.

మన తెలుగువాళ్ళకి ఆ స్పానిష్ పేర్లు నోరు తిరగవు. బొమ్మని చూసి రోలమ్మ అన్నారు. రోలమ్మ దగ్గుమందు, రోలమ్మ సూదిమందు. మొదట్లో సూదంటే జనం హడలిపోయేవాళ్ళు. ఒకసారి మనీలా నుంచి క్లిమెంటు అనే దొర వచ్చాడు. మావయ్య తన పదహారేళ్ళ కొడుకు ఆంజనేయప్రసాద్ చొక్కా విప్పించి, కొట్టు గుమ్మంలో నలుగురి మధ్యా నిలబెట్టి, దొర కళ్ళముందే సూది వేయించాడు. 'ఏజెంటు కొడుకే ఏయించుకున్నాడర్రా' అన్న మాట సేక్కాన్ రేవు దాకా పాకింది. ఆ నెల నుంచి సరుకు నిలవ లేదు. అలా పెరిగింది మా ఊళ్ళో విద్రెరా కంపెనీ. ఆ ఆంజనేయప్రసాదే తర్వాత నా మొగుడయ్యాడు.

మా ఇంటికో ఆచారం ఉండేది. ఓడ దిగిన ప్రతి సరుకులోనూ మొదటి పెట్టె దేవుడిది. దానికి పసుపు దారం చుట్టి, రోలమ్మ నుదుట కుంకం పెట్టి, దేవుడి గదిలో ఉంచేవాళ్ళు. మళ్ళీ ఓడ వచ్చి కొత్త పెట్టె లోపలికి రాగానే పాతది దారం తెంపి బీదాబిక్కీకి ఉచితంగా ఇచ్చేవాళ్ళు. కొత్తది రాకుండా పాతది కదపకూడదు. కదిపితే ఇక సరుకు రాదు. మంచి ఆచారమే, ఓడలు వచ్చినన్నాళ్ళూ.

అరవై నాలుగులో సర్కారు వాళ్ళు ఒక్క పూటలో కొట్లన్నీ తీసేసుకున్నారు. మంగరాజు అండ్ సన్ బోర్డు దింపి ప్రజల దుకాణం అని పెట్టారు. మన జనం సగం మంది ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయారు. మావయ్య వెళ్ళలేదు. కంపెనీ మళ్ళీ వస్తుంది, వచ్చి ఏజెంటు ఏడని అడుగుతుంది అన్నాడు. కొట్టులో సరుకంతా పోయినా ఇంట్లో దేవుడి పెట్టె మిగిలింది. ఓడ రాలేదు. పెట్టె కదల్లేదు.

అరవై ఏడులో నేను నిండు నెలలతో నది అవతల తన్లిన్‌లో మా పుట్టింట్లో ఉన్నాను. రంగూన్‌లో చీనావాళ్ళ మీద అల్లర్లు, కర్ఫ్యూ, లాంచీలు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే రేవులో గుమాస్తా పని చేస్తున్న నా మొగుడి కాలికి తుప్పు రేకు కోసుకుంది. కాలు వాచి, జ్వరం పట్టి, పోయాడు. నేను పసివాణ్ణి ఎత్తుకుని వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. దేవుడి గదిలోకి వెళ్ళి చూశాను. పెన్సిలిన్ పెట్టె దారం చెక్కుచెదరకుండా, కుంకంతో సహా అలాగే ఉంది. మా అత్త కనకరత్నాన్ని ఒక్క మాటే అడిగాను, ఇది ఎందుకు తియ్యలేదని. దేవుడి సొమ్ము అంది.

అంతే. ఇరవయ్యొక్కేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుతిన్నాం. ఆమెని నేను క్షమించలేదు. కొడుకు చస్తుంటే దేవుడి పెట్టె కాపలా కాసిన మనిషికి రోజూ కంచంలో అన్నం పెట్టాను. పెట్టిన ప్రతిసారీ మనసులో శాపనార్థాలు పెట్టాను.

ఆ ఇంట్లో ఇంకోటుంది. దేవుడి గది చెక్కగోడని ఎవరో గోకుతుంటారు. మధ్యాహ్నం పూట, ఇల్లు సద్దుమణిగాక, గోళ్ళతో గోకినట్టు బరబరమని వినిపిస్తుంది. ఎలకలనుకుని బోను పెట్టాను. మా అత్త ఆ బోను తీసి వీధిలో పారేసింది. గోడ దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి, 'తాగు నాయినా' అనేది. ముసలిదానికి మతి చెడిందని పైకి అనేదాన్ని గానీ, ఆ గోకుడు వింటే నాకూ ఒళ్ళు జలదరించేది. కొత్తింటికి మారినా ఆగలేదు. మొగల్ వీధి వదిలి తాకేటాకి వచ్చాం, ఆ పెట్టె వచ్చింది, పెట్టెతోపాటు గోకుడూ వచ్చింది.

ఇప్పుడు ఆ మధ్యాహ్నానికి వస్తాను.

బయట వాన. హైమ తలుపు దగ్గర నిలబడి వీధి చూస్తోంది. నేను రాజా జబ్బ మీద స్పిరిటు దూదితో తుడిచాను. క్లినిక్కులో వందల మందికి సూది వేసిన చెయ్యి నాది. సూది చర్మానికి ఆనించబోతుంటే వెనక నుంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. మా అత్త. మంచం దిగాలంటే గోడ పట్టుకునే మనిషి, ఎప్పుడు లేచిందో, ఎలా వచ్చిందో తెలియదు. పట్టు మాత్రం ఇనప పట్టు.

"ఎయ్యకే. ఆ సూది ఎయ్యకు."

ఇరవయ్యొక్కేళ్ళ కోపం ఒక్కసారిగా నాలిక మీదికొస్తే మనిషికి వావీవరసా ఉండదు. కొడుకుని మింగావు, ఇప్పుడు మనవడు కావలసొచ్చాడా అన్నాను. కొత్త పెట్టె వచ్చింది కదా, నీ ఆచారం ప్రకారం పాతది ఇక బీదలకి పంచుకో, నా కొడుకు జోలికి మాత్రం రాకు అన్నాను. ఇంకా అన్నాను, ఇక్కడ రాసేవి కావు. ఆమె అన్నీ పడింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

నేను తోసేద్దామనుకుంటుండగా ఆమె రాజా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"నా కొడుక్కి మందు ఎయ్యనేదనుకున్నావా ఇన్నాళ్ళూ? ఎట్టీసేమే. మీ మావే ఎట్టినాడు సూది."

నేను నమ్మలేదు. పెట్టె నేను కళ్ళారా చూశాను, దారం తెగలేదు, నాకు కథలు చెప్పకు అన్నాను. ఆమె నా చెయ్యి వదిలి దేవుడి గదిలోకి నడిచింది. పెట్టె తెచ్చి నా కాళ్ళ ముందు కూర్చుని దారం పుటుక్కున తెంపింది. మొదటి సీసా తీసి నా చేతిలో పెట్టింది. మిగతా సీసాల్లో తెల్లటి పొడి గడ్డకట్టి పసుపురంగు తిరిగి ఉంది. ఈ ఒక్కదానిలో నల్లటి నుసి, దానిలో చచ్చిపోయిన పురుగులు. బియ్యప్పిండి. ఖాళీ సీసాలో బియ్యప్పిండి పోసి, మూత బిగించి, లక్క పెట్టి, పెట్టెలో దాని చోట దాన్ని నిలబెట్టారు.

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా నేలని చూస్తూ చెప్పింది. జ్వరం నాలుగో పూటకి ముదిరితే తనే దారం తెంపిందట. దేవుడికి దణ్ణం పెట్టి, నా బిడ్డకి తీసుకుంటన్నాను, ఏటి అనుకోకు తండ్రీ అని చెప్పిందట. మావయ్య సూది వేశాడు. వేసి చెయ్యి కడుక్కునే లోపలే ప్రసాద్ ఒళ్ళంతా దురద అన్నాడు. దద్దుర్లు లేచాయి. మొహం ఉబ్బింది. గొంతులో ఏదో అడ్డం పడిందంటూ మంచం పక్క చెక్కగోడని గోళ్ళతో గోకేశాడు. నీళ్ళు అడిగాడు, చెంబు నోటికి ఆనించేసరికి మింగలేకపోయాడు.

"కాలికి పుట్టిన జొరం కాదే ఆడ్ని అట్టుకెల్లింది. నా సేత్తో తీసిన సీసా. దేవుడి సొమ్ము ముట్టినానని నా కళ్ళముందే అట్టుకెల్లిపోనాడు."

ఇంట్లో ఆ గోకుడు ఎవరిదో అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ గోడ అవతల ఉన్నది ఎలకలు కావు. నా మొగుడు ఊపిరి కోసం గోకుతున్నాడు, నేను బోను పెట్టాను.

ఎందుకు దాచావని అడిగాను. అడిగానో, అరిచానో. ఏజెంటు మందే ఏజెంటు కొడుకుని చంపిందని తెలిస్తే రేపు కంపెనీ వచ్చి ఎవరికి ఏజెన్సీ ఇస్తుందన్నాడట మావయ్య. సీసాలో పిండి పోసింది ఆయనే, దారం చుట్టింది ఆయనే. కంపెనీ ఎక్కడో పొగగొట్టాల మీద పొగగొట్టాలు లేపుకుంటోంది. ఇక్కడ ఈయన కొడుకు బూడిద ఆరకముందే దాని పరువు కాపాడుతున్నాడు. వాళ్ళకి ఈయన పేరైనా గుర్తుండి ఉంటుందా? మూడేళ్ళకి ఆ దిగులుతోనే పోయాడు. సరే, ఆయన సంగతి అది. నా తిట్లు నువ్వెందుకు పడ్డావు అన్నాను.

ఆమె మొదటిసారి తలెత్తింది. "బాబే కొడుకుని సంపీసినాడంటే నువ్వీ ఇంట్లో ఉంటావేటి? గుంటడ్ని సంకనేసుకొని ఎల్లిపోదువు. నన్ను తిట్టుకుంటే ఉంటావనుకున్నాను. ఉన్నావు."

ఏమనాలి ఈ మనిషిని? మనవడు తన కళ్ళముందు ఉండాలని ఇరవయ్యొక్కేళ్ళు కొడుకుని చంపిన నింద మోసింది. నేను వెళ్ళి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చానని రాస్తే మీకు బాగుంటుంది. ఏడవలేదు. నాకు ఇంకో విషయం తట్టింది, అది తట్టగానే ఏడుపు కూడా ఎండిపోయింది.

దేవుడు చంపలేదు. క్లినిక్కులో డాక్టరమ్మ పెన్సిలిన్ వేసే ముందు ఎంతటివాడికైనా ముంజేతి చర్మం కింద ఒక చుక్క ఎక్కించి కాసేపు చూసేది. దద్దురు లేస్తే ఆ మందు ఆ మనిషికి విషం. ప్రసాద్‌కి ఎప్పుడైనా ముందు దద్దుర్లు వచ్చాయా అని అడిగాను. కొన్నాళ్ళకి జనానికి చూపించడానికే కొట్టు గుమ్మంలో రెండోసారి వేయించినప్పుడు వచ్చాయంది. రొయ్యలు తిన్నాడని, రొయ్యలు మాన్పించిందట. కొడుక్కి రొయ్యలు మాన్పించి మందు మాన్పించని తల్లి ప్రపంచంలో ఈ ఒక్క ఇంట్లోనే ఉంటుంది. రోలమ్మ మందు తప్పు చేస్తుందని ఆ ఇంట్లో ఎవరికి తడుతుంది? అంత దూరం ఎందుకు, నాకు తట్టిందా? రాజాకి ఏడేళ్ళప్పుడు చెవిపోటుకి పెన్సిలిన్ ఇచ్చారు, ఏమీ కాలేదు. మా ఇంటి మందు మా రక్తంలోనే ఉంది అనుకుని, ఎవరికైనా చేసే పరీక్ష కన్నకొడుక్కి చెయ్యకుండా సూది ఎత్తాను.

రాజా ముంజెయ్యి తిప్పి చర్మం కింద ఒక చుక్క ఎక్కించాను. మా అత్త నా పక్కనే చతికిలబడింది. ఇద్దరం ఆ చోటునే చూస్తూ కూర్చున్నాం. వాన చూరు మీద పడుతోంది. హైమ మా మాటలన్నీ వింటూనే ఉంది. కాసేపు ఆ చోట ఏమీ లేవలేదు. మా అత్త పెదాలు కదులుతున్నాయి. నాకూ కొంచెం ధైర్యం వచ్చింది.

అప్పుడు లేచింది. మొదట సెనగబద్దంత, చూస్తుండగానే అణా కాసంత, దాని చుట్టూ ఎర్రటి వలయం. రాజా నిద్రమత్తులోనే రెండో చేత్తో దాన్ని బరబరమని గోక్కున్నాడు. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ చప్పుడు ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక ఇంట్లో చేసేదేమీ లేదు. ఈ మందు వేస్తే పోతాడు. వెయ్యకపోతే పుండుతో పోతాడు. కోసి శుభ్రం చేసేవాళ్ళూ, ఇంకో రకం మందూ ఉంటే గింటే క్రీక్ అవతల ఆసుపత్రిలోనే ఉండాలి. వంతెన మీద సిపాయిలున్నారు, ఆసుపత్రి గుమ్మంలోనూ ఉన్నారు. నేను లేచి వాడి నడుముకున్న లోంజీ సర్దుతూ, ఆసుపత్రికి పోదాం రా నాయినా అన్నాను.

వాడు కళ్ళు తెరిచాడు. నిద్రలో ఉన్నాడనుకున్నాను గానీ అంతా విన్నాడు. చెయ్యి చాపి సూది వైపు చూపించాడు.

"అదే ఇచ్చీ అమ్మా. నాన్నకి ఇచ్చిందే నాకూ ఇచ్చీ. ఆస్పత్రికొద్దు."

పిచ్చి మాటలు మాట్లాడకు అన్నాను. వాడు నా చీర పట్టుకున్నాడు. ఆ మొహంలో వీరత్వం ఏమీ లేదు. చిన్నప్పుడు చీకట్లో దొడ్లోకి వెళ్ళడానికి నన్ను తోడు లేపినప్పటి మొహమే.

"ఆళ్ళు అడుగుతారు. ఎవలెవలు ఉన్నారని అడుగుతారు. నాకంత గుండి నేదమ్మా. కొడితే నాను పేర్లు సెప్పీస్తాను."

సూదిలో మందుని కిటికీలోంచి వానలోకి నొక్కేశాను. బొట్టు కూడా మిగల్చలేదు. ఆ క్షణంలో నాకు దేశం లేదు, ఉద్యమం లేదు, ఎవరి పిల్లలూ లేరు. చచ్చినవాడు ఒకడు ఆ గోడ అవతల ఉన్నాడు. ఇంకొకణ్ణి అటు పంపలేను. వాడి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను.

"సెప్పీరా. అడిగినయన్నీ సెప్పీ. నువ్వు బతుకు."

అన్నాక గుర్తొచ్చింది. వాడి నోట మొదట వచ్చే పేరు ఎవరిదో నాకు తెలుసు. తల తిప్పి చూశాను. హైమ తలుపు దగ్గరే ఉంది. నా మాట విననట్టు నటించలేదు, నా మొహంలోకే చూసింది. తర్వాత ఖాళీ బుట్ట కింద పెట్టి, పిన్నీ మీరు ఆడి భుజం పట్టుకోండి అని మెల్లగా చెప్పి, వానలో సైకా రిక్షా పిలవడానికి మాకంటే ముందు మెట్లు దిగింది.